రేడియో పెరట్టు పిలిచిన ఇందిర గారికి

1988వ సంవత్సరం ఏప్రిల్ 4వ తేదీ సోమవారం నాడు, క్లాంగ్ పట్టణంలో సెరాయ్ రేడియో సంస్థ మేడ మీది ప్రసార గదిలో, శ్రీమతి ఇందిర గారు ఆపరేటరుగా ఉద్యోగంలో చేరారు. ఈ ఏడాది మార్చి 31వ తేదీన అదే గదిలో, అదే కిటికీ పక్కనుంచి, రేడియో విభాగ ప్రధానాధికారిణిగా పదవీ విరమణ చేశారు. ఆమె లేచి వచ్చిన కుర్చీలో మరెవరూ కూర్చోలేదు. ఆమెతోపాటు ఆ విభాగమూ ఆనాడే మూతపడింది. అభినందన సంచికలో ఇటువంటి వాక్యం రాయడం మర్యాద కాదని సంపాదక వర్గంవారు నాకు సున్నితంగానే సూచించారు. కానీ ఇందిర గారిని గురించి రాస్తూ ఉన్న సంగతిని దాచిపెడితే ఆమెను సన్మానించినట్టు కాదని నా నమ్మకం. పూలదండల వాసన కొంత తగ్గినా పాఠకులు మన్నించాలి.

ఈ సంచికలో మలయ్, తమిళ, ఆంగ్ల పుటలు ఉన్నాయి. తెలుగుకు కూడా కొన్ని పుటలు కేటాయించాలని ఇందిర గారే అడిగారట. సంస్థలో తెలుగు రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక ఆ గౌరవం నాకు దక్కింది. నా పేరు జనార్ధన్. ఏలూరు నుంచి వచ్చి, సైబర్‌జయలోని మన సాఫ్ట్‌వేర్ శాఖలో పనిచేశాను. ఇందిర గారి కుమార్తె మోహనప్రియకు తెలుగు వింటే తెలుస్తుంది గానీ చదవడం రాదు. అందుచేత శనివారం నాడు బ్రిక్‌ఫీల్డ్స్‌లో జరిగే సభలో ఈ వ్యాసాన్ని నేనే చదివి వినిపిస్తానని మోహనప్రియకు మాట ఇచ్చాను. వాక్యాలు మరీ పొడుగైన చోట కొంచెం ఓపిక పట్టమని ఆ అమ్మాయికి ముందే మనవి.

ఇందిర గారు పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ సమీపాన ఒక కొబ్బరి తోటలో జన్మించారు. వారి తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి ఓడలో వచ్చి ఆ తోటలో కూలికి కుదిరినవారు. తండ్రిగారు అక్కడే పుట్టి అక్కడే పనిచేసినవారు. బడిలో మలయ్, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగిన ఇందిర గారు, క్లాంగ్ రేవులో పనిచేసే వినోద్‌కుమార్ గారిని వివాహమాడి ఈ పట్టణానికి వచ్చారు. మూడు భాషల్లో స్పష్టంగా మాట్లాడగల ఆపరేటరు కావాలని సెరాయ్ సంస్థవారు ప్రకటిస్తే, భర్తగారి ప్రోత్సాహంతో దరఖాస్తు పెట్టారు. తోటలో పెరిగిన గొంతు తోటల్లోని వారికి త్వరగా అర్థమవుతుందని ఆనాటి యజమానులు ఆమెను ఎంపిక చేసుకున్నారు. మన యజమానులు చేసిన మంచి నిర్ణయాల్లో అది ఒకటి. అటువంటివి ఈ వ్యాసంలో ఎక్కువ కనబడవు.

ఆనాటి వ్యాపారం ఒక్క మాటలో చెప్పుకోదగినది. కొండల మీద మన టవర్లు ఉండేవి. తోటల్లో, లారీ షెడ్లలో, రేవులో మన చేతి సెట్లు ఉండేవి. తోట ఆఫీసులో ఫోను ఒక్కటే ఉండేది; గట్టి వాన కురిస్తే అది కాస్తా మూగబోయేది. పామాయిల్ గెలలు కోసేవారితో, వాటిని మోసే ట్రాక్టరు డ్రైవరుతో, మిల్లు కాటా దగ్గర నిలబడినవారితో ఏకకాలంలో మాట్లాడాలంటే మన సెట్టు మీది మీట నొక్కడం తప్ప వేరే దారి లేదు. అది పోటీ ఎరగని కాలమని ఇప్పుడు అనుకుంటాం గానీ, పోటీ ఎక్కడినుంచి వస్తుందో తెలియని కాలం అనడమే సబబు.

తోటల్లో తెల్లవారకముందే కూలీలను వరుసగా నిలబెట్టి పేరుపేరునా పిలిచే హాజరును ఈ దేశంలో పెరట్టు అంటారు. ఇందిర గారు చిన్నతనంలో తండ్రి చెయ్యి పట్టుకుని చీకట్లో ఆ పెరట్టుకు వెళ్ళినవారు. ఉద్యోగంలో చేరాక ఆమె ఒక లోపం గమనించారు. ఏ తోటలోనైనా సెట్టు పాడైతే ఆ కబురు మధ్యాహ్నానికిగాని క్లాంగ్ చేరేది కాదు. అప్పటికి అక్కడి పని సగం చెడిపోయేది. ఎవరూ చెప్పకుండానే ఆమె ఉదయం ఆరింటికి ప్రసార గదికి వచ్చి ఒక్కొక్క తోట పేరూ పిలవడం మొదలుపెట్టారు. అవతలివారు తమ భాషను బట్టి ‘ఆదా’ అనో, ‘ఇరుక్కేన్’ అనో, ‘ఉన్నాను’ అనో బదులు పలకాలి. బదులు రాని తోటకు ఆ పూటే మన మెకానిక్ బయలుదేరేవాడు. ఏ ఒప్పందంలోనూ లేని ఈ సేవకు కూలీలే రేడియో పెరట్టు అని పేరు పెట్టారు. ఆపరేటరు పదవి దాటి పైకి వెళ్ళినా, ఆ తరువాత విభాగాధిపతి అయినా, ఆమె ఈ పిలుపును ఇంకొకరికి అప్పగించలేదు. ఒంట్లో బాగాలేని రోజుల్లో కూడా గొంతు సవరించుకుని పిలిచేవారని పాత సహోద్యోగులు చెబుతారు.

ఇక పోటీ విషయానికి వస్తే, షా ఆలంలో మనవంటిదే మరొక రేడియో సంస్థ ఉండేది. దాదాపు ఇరవయ్యేళ్ళ పాటు మన సంస్థ కళ్ళన్నీ ఆ ఒక్క సంస్థ మీదే. వాళ్ళు సెట్టుకు తోలు సంచి ఇస్తే మనం సంచితోపాటు నడుం పట్టీ ఇచ్చాం. వాళ్ళు అద్దె తగ్గిస్తే మనం ఇంకాస్త తగ్గించాం. వాళ్ళ సేల్స్ మనిషి ఏ తోట గేటు ముందు ఆగి టీ తాగాడో మనకు భోజనాల వేళకల్లా తెలిసిపోయేది. ఆ యుద్ధంలో మనల్ని నిలబెట్టింది తోలు సంచులు కావు, ఉదయం ఆరింటి పిలుపే. షా ఆలం వారి అద్దె తక్కువని తెలిసినా, ‘ఆ అక్క పొద్దున్నే పిలుస్తుంది’ అని మన దగ్గరే ఉండిపోయిన తోటలు ఎన్నో. సంస్థ ఈ సంగతిని గుర్తించి ఆమెకు ఒక గోడ గడియారం బహూకరించింది.

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. ఇది నేను చేరడానికి చాలా ఏళ్ళ ముందు జరిగింది; ఇందిర గారి నోటనే విన్నాను. ఉత్తర సెలంగోర్‌లో, బుకిట్ కెలాదీ అనే కొండ అవతలి తోటలో, అప్పలసామి గారు మండోరుగా, అంటే కూలీల మీద మేస్త్రీగా ఉండేవారు. రేడియో పెరట్టులో ‘ఉన్నాను తల్లీ’ అని అందరికంటే ముందు బదులు పలికేది ఆయనే. ఒకనాడు ఆయన బదులు పలికి, సెట్టు నడుముకు తగిలించుకుని పనిలోకి వెళ్ళిపోయాక, ఇంట్లో ఆయన భార్య దాలమ్మ గారికి పక్షవాతం వచ్చింది. ఇరుగుపొరుగు అంతా కోతకు వెళ్ళి ఉన్నారు. ఒక ముసలావిడ సైకిలు నెట్టుకుంటూ చెట్ల వరుసల్లో వెతికి ఆయన్ను పట్టుకునేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దాలమ్మ గారు బతికారు గానీ కుడి చెయ్యీ కుడి కాలూ పోయాయి. ఇందిర గారు పళ్ళు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళారు. మన సంస్థ తరఫున పలకరించడానికి వచ్చిన ఆమెను దాలమ్మ గారు ఒకే ఒక్క మాట అడిగారట.

“రేడియో ఆయన నడుముకుంది. నా మంచం కాడ ఏటుంది?”

ఆ మాటకు జవాబు మన వ్యాపారంలో లేదు. మన సెట్లు తోట యాజమాన్యానివి. పనితోపాటు వెళ్ళి పనితోపాటు తిరిగి వచ్చేవి. ఇంట్లో ఉన్నవారికి మనమేమీ కాము. ఇందిర గారు ఆ మాటను మోసుకుని క్లాంగ్ వచ్చారు, అది ఇప్పటిదాకా ఆమె దగ్గరే ఉంది.

ఆ మరుసటి ఏడే ఒక టెలిఫోన్ సంస్థ మన తలుపు తట్టింది. కొండల మీద కొత్త టవర్లు కట్టే బదులు మన టవర్ల మీద తమ పరికరాలు బిగించుకుంటామని, అద్దె ఇస్తామని అడిగింది. మేనేజింగ్ డైరెక్టరు కుగన్ గారు సమావేశం పెట్టారు. ఆ అద్దె వస్తే మన సెట్ల ధర ఇంకా తగ్గించి షా ఆలం వారిని చిత్తు చేయవచ్చునని లెక్క తేలింది. అందరి చేతులూ లేచాయి. ఇందిర గారి చెయ్యి కూడా లేచింది గానీ ఆమె కారణం వేరు. బుకిట్ కెలాదీ కొండ మీది టవరునే మొదట ఇవ్వాలని ఆమె పట్టుబట్టారు. దాలమ్మ గారి మంచం దాకా సిగ్నల్ వెళ్ళాలన్నది ఆమె కోరిక. ఈ ఫోన్లవాళ్ళు రేపు మన పనిలోకే వస్తారేమోనని కూడా ఆమె ఆ సమావేశంలో అన్నారు. అది విని కొందరు నవ్వారట. ఫోను ఇంటికి, రేడియో పనికి, రెండూ వేరు వేరు దారులని సమాధానం చెప్పారట. ఇల్లు అద్దెకిచ్చినవాడు అద్దెకున్నవాణ్ణి చూసి భయపడడు. ఒప్పందం మీద సంతకాలైన రోజున ఆఫీసులో కేకు పంచారు.

కొన్నేళ్ళకు షా ఆలం సంస్థ మూతపడింది. మనం గెలిచామని మరోసారి కేకు పంచారు. వాళ్ళను మూయించింది మనం కాదని, వాళ్ళను పట్టిన జబ్బే మన గుమ్మంలోకీ వచ్చిందని అప్పటికి ఇందిర గారొక్కరే అన్నారు. ఫోను తెలివి మీరింది. మొదట మాట్లాడింది, తరువాత బొమ్మలు పంపింది, ఆ తరువాత మన సెట్టు మీది మీటనే తన తెర మీదికి తెచ్చుకుంది. ఒక్క మీట నొక్కితే ట్రాక్టరు డ్రైవరూ, కాటా మనిషీ, మేస్త్రీ అందరూ వింటారు. దానిమీద హాజరు పడుతుంది, గెలల ఫొటో వెళుతుంది, ఎవరెక్కడున్నారో పటం మీద కనబడుతుంది. ఇదంతా మన కొండల మీద, మన టవర్ల ఎత్తు నుంచే జరిగింది. ఒక తోట తరువాత ఒక తోట రేడియో పెరట్టులో బదులు పలకడం మానేసింది. మొదట్లో మెకానిక్‌ను పంపేవారు. పాడైంది సెట్టు కాదని తెలిశాక పంపడం మానేశారు.

అప్పుడు సంస్థ మేలుకుని, ఫోన్లవాళ్ళు మన వ్యాపారంలోకి వచ్చారు కనుక మనమూ వాళ్ళ వ్యాపారంలోకి వెళదామని నిశ్చయించింది. 2018లో సైబర్‌జయలో శాఖ తెరిచి నావంటివారిని పిలిపించింది. ఫోనులో పనిచేసే సెరాయ్ యాప్ తయారుచేయడం మా పని. యాప్ బాగానే వచ్చింది. ఇది నా బిడ్డ కనుక నేను పొగుడుకుంటున్నానని అనుకోకండి. కానీ సెట్ల అద్దె పడిపోతుందన్న భయంతో యాజమాన్యం ఒక షరతు పెట్టింది. మన సెట్లు అద్దెకు తీసుకున్నవారికే యాప్ ఇవ్వాలట. సెట్లు వద్దనుకునేవారే కదా యాప్ కోసం చూసేది? ఇందిర గారు సమావేశంలో ఈ ప్రశ్నే అడిగారు. రెండు పడవలు ఎందుకు కడుతున్నారు, ఒకదానికి ఒకటి కట్టేసి ఎక్కడికి వెళతారు అని కూడా అడిగారు. జవాబుగా టీ వచ్చింది. మా యాప్‌ను కొన్నవారు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంతమంది.

ఆ రోజుల్లోనే ఆమెతో నా పరిచయం పెరిగింది. యాప్‌ను పరీక్షించడానికి నేను తెల్లవారుజామున కారేసుకుని క్లాంగ్ వెళ్ళి ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. ‘ఏటి తమ్ముడూ, తిన్నావా నేదా’ అన్నది ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న. నాకు ఆ యాస కొత్త. నా ఏలూరు తెలుగు ఆమెకు రేడియో వార్తల్లా అనిపించేదట. సంచిలోంచి ఇడియప్పం తీసి పెట్టేవారు. నేను తయారుచేసిన యాప్ ఆమె విభాగాన్ని ముగించడానికే పుట్టిందని తెలిసీ, అందులో ఏ మీట ఎక్కడుంటే మేస్త్రీల బొటనవేలికి అందుతుందో ఓపికగా చెప్పేవారు.

గత నవంబరు నాటికి మనకు చెప్పుకోదగ్గ ఖాతాదారు ఒక్కరే మిగిలారు. బుకిట్ కెలాదీ చుట్టూ తోటలున్న ఒక కంపెనీ. వారు ఒప్పందం పొడిగిస్తే రేడియో విభాగం ఇంకొన్నేళ్ళు నడుస్తుంది. ఇందిర గారి తరువాత ఆ కుర్చీలోకి ఇన్నాళ్ళూ మన టవర్లెక్కి పనిచేసిన వసంతన్ వస్తాడు. మా సైబర్‌జయ శాఖ కూడా దాని నీడన బతుకుతుంది. పొడిగించకపోతే అంతా అయిపోయినట్టే. కుగన్ గారు, ఇందిర గారు, నేను కలిసి వెళ్ళాం. ఆ కంపెనీ జనరల్ మేనేజరు రాజన్ గారు మర్యాదస్తులు. మా ప్రదర్శన అంతా విని, చివరికి ఇందిర గారి వైపు తిరిగి తమిళంలో ఒక ప్రశ్న వేశారు. అవతలి లోయలోని తోట బ్లాకుల్లో ఫోను సిగ్నల్ నమ్మదగినదేనా, లేక జాగ్రత్త కోసం రేడియో ఉంచుకోవాలా, అక్కా, మీరు చెబితే నమ్ముతాను అన్నారు.

ఆ గదిలో ఫ్యాన్ శబ్దం నాకిప్పటికీ వినబడుతుంది. ‘అప్పుడప్పుడూ అందదు’ అని ఆమె ఒక్క మాట అంటే చాలు. అది పూర్తి అబద్ధం కూడా కాదు. ఈ దేశపు వానల్లో ఏది మాత్రం ఎప్పుడూ అందుతుంది? కుగన్ గారు బల్ల మీది నీళ్ళ గ్లాసు వైపు చూస్తున్నారు. ఇందిర గారు చెప్పారు. సిగ్నల్ బాగా అందుతుందని, అది మా టవరు మీదనుంచే వస్తుంది కనుక నాకు తెలుసునని, రేడియో లేకపోయినా మీ పని ఆగదని చెప్పారు. రాజన్ గారు లేచి ఆమెకు నమస్కరించారు. ఒప్పందం పొడిగించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నాకు విపరీతమైన కోపం వచ్చింది, దాచుకోను. వసంతన్ ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు; నా వీసా ఈ ఉద్యోగం మీద ఉంది. మనవాళ్ళ సంగతి ఆలోచించాలి కదా అక్కా అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ జవాబు చెప్పారు.

“అబద్ధం సెప్పడానికి నాకు నోరు రానేదు తమ్ముడూ. దాలమ్మ మంచం కాడికి అందాలని అడిగింది నేనే గదా. అందుతున్నాదంటే, నేదని ఎలా సెప్పమంటావు లా?”

ఈ దేశంలో అందరూ మాట చివర తగిలించే ఆ ‘లా’ తప్ప కుగన్ గారికి ఒక్క ముక్క అర్థమై ఉండదు; ఆయనకు తెలుగు రాదు. అయినా ఆయన అద్దంలోంచి ఆమెను చూసి తల ఊపారు. నా కోపం మాత్రం ఆ ఒక్క మాటతో చల్లారలేదు. ఇప్పటికీ పూర్తిగా పోయిందని చెప్పలేను. ఆమె చెప్పింది తప్పని నిరూపించడానికి ఈ నాలుగు నెలలుగా ప్రయత్నిస్తున్నాను, కుదరడం లేదు. ఒకరి పట్ల కోపమూ గౌరవమూ ఒకే పరిమాణంలో ఉండగలవని నాకు ఈ వయసులో తెలిసింది. నేను వేరే సంస్థలో చేరబోతున్నాను. వసంతన్ టెలిఫోన్ సంస్థ కాంట్రాక్టరు దగ్గర చేరి, అదే టవరును వేరే రంగు హెల్మెట్ పెట్టుకుని ఎక్కుతున్నాడు. సెరాయ్ సంస్థ ఇకమీదట టవర్ల అద్దె మీద బతుకుతుంది. బోర్డు మీద రేడియో అనే మాటను తీసేసి కొత్త రంగు వేశారు.

మార్చి 31వ తేదీ మధ్యాహ్నం మన తరంగాల అనుమతులు ప్రభుత్వానికి తిరిగి అప్పగించాలి. ఆ ఉదయం ప్రసార గదిలో ఇందిర గారు, తల్లిని దింపడానికి వచ్చిన మోహనప్రియ, నేను ఉన్నాం. సరిగ్గా ఆరింటికి ఆమె పిలవడం మొదలుపెట్టారు. మిగిలిన తోటలు కొన్నే. కొన్ని బదులు పలికాయి, కొన్నింటిలో సెట్లను అప్పటికే పెట్టెల్లో సర్దేశారు కాబోలు, పలకలేదు. బుకిట్ కెలాదీ వంతు వచ్చింది. అప్పలసామి గారు మండోరు పని ఎప్పుడో మానేసి ఇప్పుడు గేటు కాపలా ఉంటున్నారు.

“ఉన్నాను తల్లీ. రేపు ఎవులు పిలుస్తారు?”

ఇందిర గారు మీట నొక్కారు. మీట నొక్కిపట్టినంతసేపూ అవతలివారి మాట ఇవతలికి రాదు. ఆమె ఏమీ అనకుండా చాలాసేపు దాన్ని అలాగే నొక్కిపట్టి ఉంచారు. చివరికి వేలు తీసేసరికి అప్పలసామి గారి గొంతే మళ్ళీ వినిపించింది.

“దాలమ్మ మంచం కాడ ఫోనుంది గదా. దానికి సెయ్యి తల్లీ.”

ఆమె సరేనన్నారు. తరువాతి తోట పేరు పిలిచారు. అక్కడినుంచి బదులు రాలేదు. మోహనప్రియ వెళ్ళి తల్లి భుజం మీద చెయ్యి వేసింది, నేను వెళ్ళి కిటికీ తెరిచాను.

ఇందిర గారూ, మన సంస్థ ఓడిపోయింది. ఎవరి చేతిలో ఓడిపోయామో వారికి దారి ఇచ్చింది మనమే, ఇమ్మన్నది మీరే. ఆ దారిన వెళ్ళిన సిగ్నలు ఇవాళ ఒక ముసలామె మంచం పక్కన మోగుతోంది. ఈ రెండింటిలో దేన్ని ఎక్కువగా తలచుకోవాలో నేను మీకు చెప్పదగినవాణ్ణి కాను. ఇన్నాళ్ళూ పొద్దున్నే పిలిచింది మీరు. ఇకమీదట పిలవడం మా వంతు. మాకు రేడియో లేదు కనుక, మనల్ని గెలిచినవారి ఫోనులోనే పిలుస్తాం. వినోద్‌కుమార్ గారితో, మోహనప్రియతో, పుట్టబోయే మనవలతో మీరు ఆరోగ్యంగా, నిండుగా, చాలాకాలం ఉండాలి. ఏ తెల్లవారుజామున ఎవరు పిలిచినా, అవతలినుంచి ఆ ఒక్క మాట మాకు వినబడాలి: ‘ఉన్నాను’.

— జనార్ధన్, సైబర్‌జయ